ఇరవై మూడో పడవ

నీలికాగితం అంచున పెన్సిలుతో, చీమల బారులా:
"ఈ గీత ఒక్క పడవకే.
ఇంకోటి కడితే ఇంకో వెయ్యి."
కింద సంతకం. దాడి వరహాలు.
షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు గీతలు గీసి
మల్కాపురంలో రెండు గదుల్లోకి రిటైరైనవాడు.

చదివాను. నవ్వొచ్చింది. మడిచి
రెజిన్ డబ్బా కింద ఎత్తుగా పెట్టాను.

మొదటి పడవకి అచ్చు తీశాక
కాగితంతో పనేముంది?
మైనం రాసి, గుడ్డ పరిచి, రెజిన్ పూసి
ఎండ కాస్తే మూడో రోజుకి
ఇంకో గుల్ల ఊడొచ్చేది
వెచ్చగా, కాయలోంచి తాటిముంజెలా.
ఫిషింగ్ హార్బర్ నుంచి పెద జాలరిపేట దాకా
ఇసుక మీద ఇరవై మూడు.
అన్నీ నావే అనేవాణ్ణి.

రెజిన్‌కి కిలోల లెక్కన ఇచ్చాను.
గుడ్డకి మీటర్ల లెక్కన.
ఇంజనుకి అప్పు చేసి ఇచ్చాను.
గంగమ్మకి కోడి, అదీ పుంజే.
పడవని నీళ్లలోకి తోసిన ఎనిమిదిమందికి
కూలీ, టీ, చెప్పకుండానే సీసా.
గీతకి ఏ తూకంరాయి పెట్టను?
గీకి చూడు. రంగు. రంగు కింద రెజిన్.
రెజిన్ కింద గుడ్డ.
గీత ఎక్కడుంది చూపించమను.

"కెరటం కాడ సూడు" అంది కాసులమ్మ,
చేపలగంప దించుతూ, నా వైపు చూడకుండా.

కార్తీకంలో గాలి తిరిగిన రోజు
అందరం ఒడ్డున నిలబడ్డాం.
డాల్ఫిన్స్ నోస్ వానలో కనపడలేదు.
మా మేనల్లుడు సోములు పడవ
కెరటం వెనక పోయింది. లేదు.
లేదు.
తర్వాత అణియం పైకి లేచింది,
నీళ్లు రెండు పాయలై పక్కలకి ఒరిగాయి,
తల్లి దువ్వెనతో పాపిడి తీసినట్టు.
చూశాను.

నోట్లకట్టతో మల్కాపురం వెళ్లాను.
ఇరవై రెండు వేలు, మొదటిది ముందే ఇచ్చాగా.
వెళ్లినవాణ్ణి ఇచ్చి ఊరుకోకుండా
వాదన కూడా పట్టుకెళ్లాను:
"ఆ అణియం వంపు మా గురయ్య తాతది కాదేటి?
ఆడు బాడిసతో సెక్కిందాన్ని
ఆరాదివారాలు టేపట్టుకు కొలిసినావు.
ఆడికేటిచ్చినావు?"

వరహాలు కళ్లద్దాలు తీసి పంచెతో తుడిచాడు.
చాలాసేపు తుడిచాడు.
"రెండు సుట్టలు" అన్నాడు.
"ఇంకా బాకీయే."

తర్వాత పాత పద్దుపుస్తకం తీసి
ఒక్కో పడవ పేరూ అడిగాడు.
ఎవరిది, ఎందరెక్కుతారు, ఏ ఇంజను.
పుట్టుకల రిజిస్టరు రాసేవాడిలా రాసుకున్నాడు.
ఇరవై మూడో దాని దగ్గర కలం ఆగింది.
"అటేపు సూసినానులే మొన్న. ఎడల్పు సేసినావా?"
"జానెడు. వల ఇంకాస్త పడతాదని."

వెయ్యి లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.
"ఇది నాది కాదు.
గాలి లేసిన రాత్రి
డబ్బు పుచ్చుకున్నోడికి నిద్ర రాకూడదు.
ఇరవై రెండింటికి నాను లేసి కూకుంతాను.
దానికి నువ్వు కూకో."

మినపసున్ని పెట్టింది వాళ్లావిడ. తిన్నాను.
రుచి గుర్తులేదు.

తెల్లవారుజాము మూడింటికి అది వేటకి పోతుంది.
నలుగురు. ఒకడికి ఇంకా మీసం రాలేదు.
టార్చి పట్టుకుని ఒడ్డుకెళ్లి
పడవ పక్కన కూర్చుని
మళ్లీ చేత్తో కొలిచాను.
జానెడే.
జానెడంటే ఎంతో
నా చేతికి తెలియడం లేదు.